సిఫారసు చేసే రౌటర్ల జాబితా ఎలా రాయాలి: ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ప్రాజెక్టుల కోసం

"ఏ రౌటర్ కొనమంటారు?" రౌటర్ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) తయారుచేసే ప్రాజెక్టులన్నిటికీ పదే పదే వచ్చే ప్రశ్న ఇది. ఎక్కువ ప్రాజెక్టులు దీనికి జవాబుగా వందలాది పరికరాలున్న సపోర్ట్ పట్టికను చూపించి ఊరుకుంటాయి. అడిగినవాళ్లకు అది జవాబు కాదు. సపోర్ట్ ఉందంటే మన ఫర్మ్‌వేర్ ఆ పెట్టెలో బూట్ అవుతుందని మాత్రమే. సిఫారసు చేస్తున్నామంటే డబ్బు పెట్టి కొనవచ్చని, ఇన్‌స్టాల్ చేయడం కుదురుతుందని, అడ్డం తిరిగితే వెనక్కి తెచ్చుకునే దారి ఉందని చెబుతున్నట్టు. ఈ మాట అనడానికి చాలా పని ఉంది. దాన్ని ఏ వరసలో చేయాలో ఇక్కడ చూడండి. ఉదాహరణలు ఎక్కువగా ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రౌటర్ల కోసం లినక్స్ ఆధారంగా చేసిన ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్) ప్రపంచానివే. మీది వేరే ప్రాజెక్టయినా పద్ధతి మారదు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- సిఫారసు చేయదలచిన రౌటర్. వేర్వేరు సమయాల్లో కొన్నవి రెండు ఉంటే మరీ మంచిది.
- 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్, మూడు జంపర్ వైర్లు, ఒక మల్టీమీటర్.
- గిగాబిట్ ఈథర్‌నెట్ ఉన్న రెండు కంప్యూటర్లు. రౌటర్‌లో 2.5 గిగాబిట్ పోర్టులుంటే కంప్యూటర్లలోనూ అదే వేగం కార్డులు కావాలి.
- క్యాట్5ఈ లేదా అంతకంటే మంచి కేబుళ్లు. పరీక్షకు పాత కేబుల్ వాడకండి. ఒక జత తెగితే లింక్ 100 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది, నింద రౌటర్ మీద పడుతుంది.
- టీఎఫ్‌టీపీ సర్వర్ (నెట్‌వర్క్ మీద రౌటర్‌కు ఫైలు పంపే చిన్న ప్రోగ్రాం), ఐపెర్ఫ్3 (నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రోగ్రాం).
- కంపెనీ అసలు ఫర్మ్‌వేర్ ఫైలు. కంపెనీలు వీటిని తీసేస్తుంటాయి కాబట్టి ముందే దించి పెట్టుకోండి.
- రాతలన్నీ దాచే గిట్ రిపాజిటరీ.

1. కనీస గీత ఎక్కడో తేల్చుకోండి

ఒక్క పరికరం పేరు కూడా రాయకముందే, ఎంతకంటే తక్కువ ఉంటే సిఫారసు చేయరో రాసిపెట్టండి. లేకపోతే ప్రతి పరికరం దగ్గరా అదే వాదన మొదలవుతుంది.

4 ఎంబీ ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ నిల్వ ఉండే మెమరీ), 32 ఎంబీ ర్యామ్ ఉన్నవాటి గురించి ఆలోచించనక్కర్లేదు. కెర్నెల్ (లినక్స్ మూల భాగం) పెరిగీ పెరిగీ వాటిలో చోటే మిగల్లేదు. 8 ఎంబీ, 64 ఎంబీ రకం దగ్గరే అందరూ మోసపోతారు. బూట్ అవుతుంది, వెబ్ ఇంటర్‌ఫేస్ వస్తుంది, మొదటి రోజు బాగానే ఉంటుంది. రెండు ప్యాకేజీలు వేయగానే ఫ్లాష్ నిండిపోతుంది. ఏటీహెచ్10కే అనే వైఫై డ్రైవర్ వాడే 5 గిగాహెర్ట్జ్ రేడియో ఉంటే ర్యామ్ చాలక రౌటర్ దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. కొత్తగా కొనేవాళ్లకు 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ కంటే తక్కువ చెప్పకండి. ప్రకటనలు ఆపే ప్యాకేజీలు, వీపీఎన్ వాడేవాళ్లకైతే 256 ఎంబీ ర్యామ్ నుంచి మొదలుపెట్టండి.

ప్రాసెసర్‌కు మాత్రం మెగాహెర్ట్జ్ గీత పెట్టకండి. ఒకే మెగాహెర్ట్జ్ ఉన్న పాత ఎంఐపీఎస్ రకం కోరూ, ఏఆర్ఎం రకం కోరూ చేసే పని ఒకటి కాదు. దాని సంగతి 5వ అంచెలో కొలతే చెబుతుంది.

ఇంకో గీత డ్రైవర్ల విషయంలో. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లున్న రౌటర్లలో ఎక్కువవాటికి పనికొచ్చే ఓపెన్ డ్రైవర్ లేదు. వైర్డ్‌గా బ్రహ్మాండంగా నడిచినా వైఫై రాదు, లేదా అరకొరగా వస్తుంది. మీడియాటెక్ ఎంటీ76 డ్రైవర్ వాడే చిప్‌లు, పాతవాటిలో ఏటీహెచ్9కే చిప్‌లు నమ్మకంగా చెప్పదగినవి.

2. పేరు కాదు, రివిజన్ (ఒకే మోడల్‌లో హార్డ్‌వేర్ వెర్షన్) రాయండి

ఈ జాబితాల్లో జరిగే తప్పుల్లో అన్నిటికంటే ఖరీదైనది ఇక్కడే జరుగుతుంది. లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ తొలి రివిజన్లలో 4 ఎంబీ ఫ్లాష్, 16 ఎంబీ ర్యామ్ ఉండి లినక్స్ నడిచేది. 2005లో వచ్చిన 5వ రివిజన్‌లో కంపెనీ వీఎక్స్‌వర్క్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారి, ఫ్లాష్ 2 ఎంబీకి, ర్యామ్ 8 ఎంబీకి తగ్గించింది. డబ్బా అదే, పేరు అదే. లినక్స్ కావాలనుకునేవాళ్లకు డబ్ల్యుఆర్‌టీ54జీఎల్ అని వేరే మోడల్ ఇచ్చింది. టీపీ-లింక్ ఆర్చర్ సీ7లోనూ అంతే: మొదటి రివిజన్‌లోని 5 గిగాహెర్ట్జ్ చిప్ ఏటీహెచ్10కే డ్రైవర్‌తో పనిచేయదు, రెండో రివిజన్‌లో పనిచేస్తుంది. "సీ7 కొనండి" అని రాస్తే సగం మంది తప్పు పెట్టె కొంటారు.

కాబట్టి ప్రతి ఎంట్రీకి గుర్తింపు ఇలా ఉండాలి: కంపెనీ, మోడల్, రివిజన్, ఏ ప్రాంతానికి తయారైందో, ప్రధాన చిప్, ఫ్లాష్, ర్యామ్, వైఫై చిప్‌లు. ఒక్క రివిజన్ అంకె మారినా అది వేరే ఎంట్రీ. "వీ2 నుంచి వీ5 వరకు" అని కలిపి రాయడం సులువే కానీ, ఆ నాలుగింటినీ ఎవరో చేతిలో పట్టుకుని చూసి ఉంటేనే అలా రాయండి.

దీనికి రివర్సు కూడా ఉంటుంది. లింక్‌సిస్ ఈ8450, బెల్కిన్ ఆర్‌టీ3200 రెండూ ఒకే హార్డ్‌వేర్. ఇలాంటివి ఒకే ఎంట్రీలో రెండు పేర్లూ కనిపించేలా ఉండాలి. ఒక పేరు దొరకనివాళ్లు రెండో పేరుతో వెతుక్కుంటారు.

కొనేవాళ్లు రివిజన్ ఎక్కడ చూసుకోవాలో ఒక వాక్యం చేర్చండి: అడుగున లేబుల్ మీదా, పెట్టె మీదా, ఎఫ్‌సీసీ ఐడీ పక్కనా. అమ్మే చోట చూపించే ఫొటో పాత రివిజన్‌దై ఉండవచ్చు. అందుకని వెనక్కి తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనమని చెప్పండి.

3. వివరాలు పెట్టె మీద నుంచి కాదు, పరికరం లోపలి నుంచి తీసుకోండి

ఫర్మ్‌వేర్ ఎక్కించాక ఈ ఐదూ తీసి దాచండి: బోర్డు పేరు, పూర్తి బూట్ లాగ్, ఫ్లాష్ విభజన పట్టిక, ఖాళీ మెమరీ, రేడియోల సామర్థ్యాల జాబితా. కేసు తెరవగలిగితే బోర్డుకు రెండు వైపులా ఫొటోలు తీయండి, చిప్‌ల మీది అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- 128 ఎంబీ రౌటర్‌లో మొత్తం మెమరీ 120 ఎంబీ దరిదాపుల్లో కనిపిస్తుంది. తేడా కెర్నెల్ పక్కన పెట్టుకున్నది. జాబితాలో చిప్ సైజే రాయండి, కనిపించిన అంకె కాదు.
- ఫ్లాష్ సైజు వేరు, ఇన్‌స్టాల్ అయ్యాక ఓవర్‌లేలో (సెట్టింగులు, ప్యాకేజీలు దాచుకునే భాగంలో) మిగిలే చోటు వేరు. కొనేవాళ్లకు పనికొచ్చేది రెండోది. రెండిటికీ వేర్వేరు గడులు పెట్టండి.
- కంపెనీ ఒక ఫ్లాష్‌లో రెండు కాపీల ఫర్మ్‌వేర్ పెట్టే పద్ధతి ఉంటే, 128 ఎంబీ ఫ్లాష్ ఉన్నా మీకు చిక్కేది అందులో ఒక ముక్క కావచ్చు.
- మ్యాక్ అడ్రసులు (ప్రతి నెట్‌వర్క్ పోర్టుకు, రేడియోకు ఉండే గుర్తింపు సంఖ్యలు) లేబుల్‌తో సరిపోలుతున్నాయా చూడండి. చాలా రౌటర్లు లాన్‌కు (ఇంటి వైపు) ఒకటి, వాన్‌కు (ఇంటర్నెట్ వైపు) దాని తర్వాతిది, రేడియోలకు ఆ పైవి వాడతాయి. ఈ వరసను రాసిపెట్టండి. రెండు రౌటర్లకు ఒకే అడ్రసు వస్తే పోర్టింగ్‌లో (ఫర్మ్‌వేర్‌ను ఆ రౌటర్‌కు అమర్చడంలో) తప్పుందని అర్థం, సిఫారసుకు పనికిరాదు.

లేబుల్ ఫొటో పెట్టేముందు వైఫై పాస్‌వర్డ్, సీరియల్ నంబర్, మ్యాక్ చివరి సగం కప్పేయండి. బూట్ లాగ్‌లోనూ మ్యాక్ ఉంటుంది, అది ఎవరికీ గుర్తుండదు.

4. వెనక్కి తెచ్చే దారి ముందే నడిచి చూడండి

రికవరీ పనిచేస్తుందని ఎక్కడో చదివి రాయవద్దు. మీ చేతిలో ఉన్న పరికరాన్ని కావాలనే పాడుచేసి, బాగుచేసి, అప్పుడు రాయండి.

మొదట కాలిబ్రేషన్ విభాగం కాపీ తీసుకోండి. పేరు ఏఆర్‌టీ అనో, ఫ్యాక్టరీ అనో ఉంటుంది. ఆ ఒక్క రౌటర్ రేడియోల కొలతలు అందులో ఉంటాయి. పోతే వేరే రౌటర్‌ది తెచ్చి పెట్టినా వైఫై సరిగా రాదు. ఈ కాపీని ఎవరితోనూ పంచుకోకండి.

సీరియల్ కన్సోల్ కోసం గ్రౌండ్, టీఎక్స్, ఆర్‌ఎక్స్ మూడే కలపండి. అడాప్టర్ టీఎక్స్ రౌటర్ ఆర్‌ఎక్స్‌కు వెళ్లాలి, రెండోది అటు నుంచి ఇటు. వోల్టేజ్ పిన్ జోలికి వెళ్లవద్దు. 5 వోల్టుల అడాప్టర్ చిప్‌ను కాల్చేయగలదు. కొన్ని బోర్డుల్లో సీరియల్ 1.8 వోల్టులే ఉంటుంది, అందుకే మల్టీమీటర్‌తో టీఎక్స్ పిన్‌ను ముందు కొలవమంటున్నది. వేగం సాధారణంగా 115200, 8ఎన్1. అక్షరాల బదులు చెత్త కనిపిస్తే 57600 పెట్టి చూడండి. అక్షరాలు సరిగ్గా వస్తూ మీరు టైప్ చేసింది మాత్రం వెళ్లకపోతే ఆర్‌ఎక్స్ వైరు వదులుగా ఉందేమో చూడండి.

తర్వాత రికవరీని మూడు స్థాయుల్లో గుర్తించండి:

- కేసు తెరవకుండా: బటన్ నొక్కి పట్టుకుంటే వచ్చే బూట్‌లోడర్ (ఫర్మ్‌వేర్‌ను లేపే చిన్న ప్రోగ్రాం) వెబ్ రికవరీ, లేదా టీఎఫ్‌టీపీ.
- కేసు తెరిచి సీరియల్ వైర్లు తగిలిస్తే.
- సోల్డరింగ్ చేసి లేదా ఫ్లాష్ ప్రోగ్రామర్ పెట్టి.

సిఫారసు జాబితాలోకి మొదటి స్థాయివే రావాలి. దీని మీద అభ్యంతరాలు వస్తాయి, గట్టిగా నిలబడండి. సోల్డరింగ్ చేయగలిగినవాళ్లకు మీ జాబితా అవసరమే లేదు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వన్ అనే రౌటర్‌లో అసలు ఫర్మ్‌వేర్ నాండ్ రకం ఫ్లాష్‌లో ఉండగా, రికవరీ కోసం వేరే 16 ఎంబీ నార్ రకం ఫ్లాష్ చిప్, మధ్యలో ఒక స్విచ్ పెట్టారు. అంత ఏర్పాటు అన్నిటిలో ఉండదు కానీ, కొలబద్దగా దాన్ని మనసులో పెట్టుకోండి.

టీఎఫ్‌టీపీ గురించి రాసేటప్పుడు కంప్యూటర్‌కు ఇవ్వవలసిన ఐపీ, ఫైలు పేరు అక్షరం పొల్లుపోకుండా రాయండి. టీపీ-లింక్ రౌటర్లు చాలావాటికి 192.168.0.66 ఉండాలి, వేరే ఏదిచ్చినా నిశ్శబ్దంగా విఫలమవుతాయి. కంప్యూటర్ ఫైర్‌వాల్ టీఎఫ్‌టీపీని ఆపడం మరో మామూలు కారణం. బూట్‌లోడర్ పైకి వచ్చే ఆ రెండు మూడు సెకన్లలో కంప్యూటర్ పోర్టు ఇంకా లింక్ కాకపోవడం ఇంకొకటి. రౌటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య మామూలు స్విచ్ పెడితే ఈ చివరి ఇబ్బంది పోతుంది.

ఇన్‌స్టాలేషన్ గురించి మూడు హెచ్చరికలు ప్రతి ఎంట్రీలోనూ ఉండాలి. కంపెనీ ఇంటర్‌ఫేస్ నుంచి ఎక్కించాల్సింది ఫ్యాక్టరీ ఇమేజ్, సిస్‌అప్‌గ్రేడ్ ఇమేజ్ (ఇప్పటికే మన ఫర్మ్‌వేర్ ఉన్న రౌటర్లను అప్‌గ్రేడ్ చేసేది) కాదు. స్నాప్‌షాట్ (ఇంకా విడుదల కాని) బిల్డ్‌లో వెబ్ ఇంటర్‌ఫేస్ ఉండదు, తెర ఖాళీగా ఉందని రౌటర్ పోయిందనుకోవద్దు. ఏ కంపెనీ ఫర్మ్‌వేర్ వెర్షన్ మీద ఇన్‌స్టాల్ చేశారో రాయండి, ఎందుకంటే కొత్త వెర్షన్‌లో సంతకం తనిఖీ పెట్టి దారి మూసేయవచ్చు.

5. వేగం సరిగ్గా కొలవండి

ఒక కంప్యూటర్‌ను వాన్ వైపు, ఇంకోదాన్ని లాన్ వైపు పెట్టండి. వాన్ వైపు ఐపెర్ఫ్3 సర్వర్, లాన్ వైపు క్లయింట్. ఒక్కో పరీక్ష 60 సెకన్లు, రెండు దిక్కులా, మూడేసి సార్లు. మధ్యది రాయండి. వాన్ వైపు కూడా 192.168.1 శ్రేణి వాడితే రౌటర్ లాన్‌తో ఢీకొని ఏదీ పోదు. ముందే 10.0.0 శ్రేణి ఇచ్చుకోండి.

ఐపెర్ఫ్3ను రౌటర్ మీదే నడిపి వచ్చిన అంకె రాయడం ఎక్కువమంది చేసే తప్పు. అప్పుడు ప్యాకెట్లను పుట్టించే పని కూడా రౌటర్ ప్రాసెసర్ మీదే పడి, రూటింగ్ వేగం కాకుండా మరేదో కొలిచినట్టవుతుంది.

నాలుగు అంకెలు కావాలి:

- ఆఫ్‌లోడ్ (ప్యాకెట్లను మామూలు దారి తప్పించి త్వరగా పంపే ఏర్పాటు) ఏదీ లేకుండా నాట్ (ఇంటి అడ్రసులను ఇంటర్నెట్ అడ్రసుగా మార్చి పంపడం) వేగం.
- సాఫ్ట్‌వేర్ ఆఫ్‌లోడ్‌తో.
- హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్‌తో, ఉంటే.
- ఎస్‌క్యూఎం (లైన్ నిండినా ఆలస్యం పెరగకుండా క్యూలను సర్దే ఏర్పాటు), అందులో కేక్ అనే పద్ధతి పెట్టి.

గిగాబిట్ పోర్టు మీద టీసీపీకి దాదాపు 940 ఎంబీపీఎస్ పైకప్పు. అంతకంటే ఎక్కువ వచ్చిందంటే కొలత తప్పు. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్‌తో 940 వచ్చిందని మురిసిపోయి ఆ ఒక్క అంకె రాయడం కొనేవాళ్లను దారి తప్పించడమే. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు క్యూల దగ్గరికే రావు, ఎస్‌క్యూఎం పెట్టినా పనిచేయదు. లైన్ ఆలస్యం తగ్గించుకోవడానికే చాలామంది ఈ ఫర్మ్‌వేర్‌కు వస్తారు, వాళ్లకు కావలసినది నాలుగో అంకె. పరీక్ష నడుస్తుండగా ప్రాసెసర్ వాడకం కోరు వారీగా చూడండి. ఒక కోరు 100 శాతానికి చేరి మిగిలినవి ఖాళీగా ఉంటే ఆ మాట కూడా రాయండి, తర్వాతి విడుదలలో మెరుగుపడే అవకాశం ఉంది.

పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే రకం) కనెక్షన్ మీద అంకెలు తగ్గుతాయి. వీలైతే విడిగా కొలవండి. వైర్‌గార్డ్ (ఒక వీపీఎన్) కూడా అంతే: అది చాచా20 అనే ఎన్‌క్రిప్షన్ వాడుతుంది, ప్రాసెసర్‌లో ఏఈఎస్ అనే వేరే ఎన్‌క్రిప్షన్‌ను వేగవంతం చేసే భాగం ఉన్నంత మాత్రాన దానికి ఒరిగేదేమీ లేదు.

వైఫై అంకెలు తక్కువ రాయండి. గోడ, క్లయింట్ చిప్, పక్కింటి రౌటర్, అన్నీ వాటిని మార్చేస్తాయి. రాస్తే చానల్ వెడల్పు, దూరం, క్లయింట్ పేరు లేకుండా రాయవద్దు.

6. వారం రోజులు నడవనివ్వండి

ఒక రోజు పరీక్షలో మెమరీ లీక్ కనబడదు. నిజంగా వాడే ఇంట్లోనో ఆఫీసులోనో ఏడు రోజులు పెట్టి, ఖాళీ మెమరీని రోజూ ఒకే వేళకు నోట్ చేయండి. మెల్లగా తగ్గుతూ పోతే లోపం ఉన్నట్టే. మొదటి రోజు తగ్గి తర్వాత నిలకడగా ఉంటే పరవాలేదు.

దాంతోపాటు: కరెంటు పూర్తిగా తీసి పెట్టడం పది సార్లు, రీబూట్ పది సార్లు. రెండూ వేరు. రీబూట్‌లో లేచి, కరెంటు తీసి పెడితే లేవని బోర్డులున్నాయి. సెట్టింగులు ఉంచి సిస్‌అప్‌గ్రేడ్ చేసి చూడండి. ప్రతి పోర్టు, ప్రతి బటన్, ప్రతి ఎల్‌ఈడీ ముట్టుకుని చూడండి.

రౌటర్ ఊరకే రీస్టార్ట్ అవుతుంటే ఫర్మ్‌వేర్‌ను అనుమానించే ముందు పవర్ అడాప్టర్ మార్చండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆన్ చేయగానే కనబడకపోతే ఏ చానల్ పెట్టారో చూడండి. రాడార్ పంచుకునే డీఎఫ్‌ఎస్ చానళ్ల మీద రౌటర్ ప్రసారం మొదలుపెట్టే ముందు కనీసం 60 సెకన్లు వినాలి, కొన్నిచోట్ల వాతావరణ రాడార్ చానళ్లకు 10 నిమిషాలు. "5 గిగాహెర్ట్జ్ పనిచేయడం లేదు" అని వచ్చే నివేదికల్లో కొన్ని ఈ నిరీక్షణే.

7. ఎంట్రీ రాయండి

ఒకే నమూనా, అన్నిటికీ. ఇలా ఉంటే చాలు:

- పరికరం: జీఎల్-ఐనెట్ జీఎల్-ఎంటీ6000
- ప్రధాన చిప్: మీడియాటెక్ ఎంటీ7986, 4 కోర్లు
- ర్యామ్: 1 జీబీ
- ఫ్లాష్: 8 జీబీ ఈఎంఎంసీ
- పోర్టులు: 2.5 గిగాబిట్ 2, గిగాబిట్ 4
- రికవరీ: బూట్‌లోడర్ వెబ్ రికవరీ, కేసు తెరవనక్కర్లేదు
- పరీక్షించిన విడుదల, తేదీ:
- నాట్, ఎస్‌క్యూఎం వేగాలు:
- తెలిసిన లోపాలు:
- బాధ్యులు:

చివరి నాలుగు గడులూ మీ కొలతలతోనే నిండాలి, ఇంకొకరి అంకెలు తెచ్చి పెట్టవద్దు. లోపాల గడి ఖాళీగా వదలవద్దు. "పరీక్షించాం, కనబడలేదు" అనేది ఒక సంగతి, "పరీక్షించలేదు" అనేది వేరే సంగతి. ఖాళీ గడిని చదివేవాళ్లు ఎప్పుడూ మొదటిదిగానే తీసుకుంటారు.

వాక్యాల్లో కాకుండా యామ్ల్ (గడి పేరు, విలువ వరసగా రాసే టెక్స్ట్ ఫార్మాట్) ఫైల్లో ఒక్కో రివిజన్‌కు ఒక్కో ఫైలుగా రాస్తే, పట్టిక దానంతట అదే తయారయ్యేలా చేసుకోవచ్చు. చేత్తో రాసిన పట్టిక రెండు విడుదలలు దాటేసరికి కుళ్లిపోతుంది.

8. అవసరాన్ని బట్టి విడదీయండి, చిన్నగా ఉంచండి

మొత్తం ఎనిమిదికి మించవద్దు. చిన్న ఇల్లు, గిగాబిట్ లైన్ మీద ఎస్‌క్యూఎం, వైఫై అక్కర్లేని ఎక్స్86 (పీసీ రకం ప్రాసెసర్) పెట్టె, ప్రయాణానికి చిన్నది. ఇలా నాలుగు శీర్షికలు, ఒక్కోదాని కింద రెండు. ఇరవై పేర్లు పెడితే "వీటిలో ఏది?" అని మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

పక్కనే "వద్దు" జాబితా పెట్టండి, ప్రతిదానికీ ఒక కారణంతో: బూట్‌లోడర్ తాళం, వైఫై డ్రైవర్ లేదు, ర్యామ్ తక్కువ, ఫలానా రివిజన్ మాత్రమే. సిఫారసు జాబితా కంటే దీన్నే ఎక్కువమంది చదువుతారు. ఇంట్లో ఉన్న పాత రౌటర్ పనికొస్తుందా అన్నదే వాళ్ల అసలు ప్రశ్న.

9. గడువు పెట్టండి

ప్రతి ఎంట్రీకి బాధ్యులుగా ఒకరు ఉండాలి. పెద్ద విడుదల వచ్చినప్పుడల్లా వాళ్లు 4, 5 అంచెలు మళ్లీ చేయాలి. వరసగా రెండు విడుదలలు ఎవరూ పరీక్షించకపోతే ఎంట్రీ సిఫారసు నుంచి సపోర్ట్ పట్టికకు జారిపోవాలి, చర్చ లేకుండా.

అప్‌గ్రేడ్ దారి మారినప్పుడు అదనపు హెచ్చరిక అవసరం. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో స్విచ్ పోర్టుల నిర్వహణ స్వికాన్ఫిగ్ అనే పాత పద్ధతి నుంచి డీఎస్‌ఏ అనే కొత్త పద్ధతికి మారినప్పుడు పాత నెట్‌వర్క్ సెట్టింగులు కొత్తదాంట్లో పనికిరాకుండా పోయాయి. అలాంటి చోట "సెట్టింగులు ఉంచవద్దు" అని ఎంట్రీ పైనే, పెద్దగా రాయండి.

రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

ఫర్మ్‌వేర్ ఎప్పుడూ మార్చని ఒకరికి జాబితా ఇచ్చి, మీరు నోరు విప్పకుండా పక్కన కూర్చోండి. మూడు పనులు చెప్పండి: మూడు లేబుల్ ఫొటోల్లో ఏది కొనదగిన రివిజనో చెప్పాలి, సరైన ఇమేజ్ ఎంచుకుని దాని ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలు మారలేదని తేల్చే గుర్తు) సరిచూడాలి, రికవరీ బటన్ ఎంతసేపు నొక్కాలో వెతికి చెప్పాలి. ఎక్కడ ఆగి మీ ముఖం చూశారో అక్కడ రాత సరిపోలేదు. ఆ వాక్యాన్ని మార్చి, వేరే మనిషితో మళ్లీ చేయించండి. మొదటి మనిషికి ఇప్పటికే సమాధానాలు తెలిసిపోయాయి.

కొత్తది దొరకడం ఆగిపోయిన రౌటర్‌ను తీసేయకండి, "పాతది దొరికితే" అనే శీర్షిక కిందికి మార్చండి. అక్కడ రెండు మాటలు అదనంగా ఉండాలి: అమ్మేవాళ్లను లేబుల్ ఫొటో అడగమని, వాళ్లు ముందే వేరే ఫర్మ్‌వేర్ ఎక్కించి ఉంటే కంపెనీ ఫర్మ్‌వేర్‌కు తిరిగి వెళ్లే పద్ధతి ఏమిటో.